పిచ్చుక కుడిచెయ్యి

మా కోడల్ని ఫౌండ్రీలో అందరూ పిచ్చుక అంటారు. మనిషిని నేలమీద చూసినవాడెవడూ ఆ పేరు పెట్టడు. గుమ్మం నిండా ఉంటుంది, నడిస్తే అలమరలో గిన్నెలు మాట్లాడతాయి. కానీ పేరు పెట్టినవాళ్ళు దాన్ని కిందనుంచి చూశారు. షెడ్డు కప్పు కింద, ఈ గోడనుంచి ఆ గోడదాకా పట్టాల మీద నడిచే క్రేను ఉంది. ఆ క్రేనుకి ఒక మూల అద్దాల క్యాబిన్ వేలాడుతుంటుంది. అందులో కూర్చుని అది కిందికి తొంగిచూస్తే గూట్లోంచి పిట్ట తల బయటపెట్టినట్టే ఉంటుంది. అందుకని పిచ్చుక.

నేనూ ఆ ఫౌండ్రీలోనే మోకాళ్ళు అరిగేదాకా ఇసుక జల్లించాను. అచ్చులు కట్టే ఇసుకలో రాయి ఉండకూడదు, గడ్డ ఉండకూడదు. పెళ్ళయి మా ఇంటికొచ్చిన కొత్తల్లో దీన్నీ నా పక్కనే కూర్చోబెట్టి జల్లెడ పట్టించాను. చేతులు జల్లెడ మీద, చూపు కప్పు మీద.

“కింద చూడవే. రాళ్ళన్నీ అచ్చులోకి పోతున్నాయి.”

“ఆ తాత ఎంత హాయిగా కూర్చున్నాడో చూడండి అత్తయ్యా.”

“హాయా? కరిగిన ఇనుము సెగంతా వాడి మొహానికే.”

“సెగైతే ఏం, కళ్ళల్లో ఇసుక పడదుగా.”

తాతంటే మా తాతా కాదు, దాని తాతా కాదు. ఊళ్ళో రైలింజన్లు బొగ్గు తిన్న కాలంనుంచీ ఆ క్యాబిన్లో ఉన్నవాడు. భోజనాల వేళ వాడికి క్యారేజీ పైకి అందించే పని ఇది అడిగి మరీ తీసుకుంది. నిచ్చెనెక్కి వెళ్ళేది, దిగి రావడానికి ఆలస్యం చేసేది. నాకు తెలుసు ఏం చేస్తోందో. వాడి పక్కన కూర్చుని క్రేను నడిపే లివరు పట్టుకోవడం నేర్చుకుంటోంది. తాతకి చూపు మందగించి ఇంటికెళ్ళే రోజున మేస్త్రీ “ఇప్పుడెవరు పైకి?” అని తల గోక్కుంటుంటే, ఇది జల్లెడ కింద పెట్టి చెయ్యి దులుపుకుని నిచ్చెనెక్కేసింది. దిగమన్నవాడు లేడు. ఎక్కినంత సుళువుగా దిగే శరీరం కాదని మేస్త్రీకీ తెలుసు.

పని ఏమిటంటారా. కొలిమి దగ్గర కరిగిన ఇనుమును పెద్ద గంగాళం లాంటి దానిలోకి వంపుతారు. దాన్ని లేడిల్ అంటారు. పిచ్చుక దాన్ని కొక్కేనికి తగిలించుకుని పైకెత్తి, షెడ్డు ఆ చివరిదాకా తీసుకెళ్ళి, అచ్చుల మీద దించి పట్టుకోవాలి. లేడిల్ పక్కన ఒక చక్రం ఉంటుంది. కిందున్న మనిషి ఆ చక్రం తిప్పితే లేడిల్ వంగి ఇనుము అచ్చులోకి జారుతుంది. ఆ కిందున్న మనిషి నా కొడుకు. మొగుడి నెత్తిన పెళ్ళాం ఎక్కి కూర్చుందని లోకం సరదాకి అంటుంది. మా ఇంట్లో అది ఉద్యోగం.

ఇక్కడొక సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. లోకంలో ఏ క్రేనుకైనా కుడిచేతి లివరు మనవైపు లాగితే బరువు పైకి పోతుంది, అవతలికి తోస్తే కిందికి దిగుతుంది. మా ఫౌండ్రీలో తిరగేసి. తోస్తే పైకి, లాగితే కిందికి. తాత కాలంలో మోటారు కాలిపోతే బాగుచేయించి బిగించారు. తీగలు అటుదిటు అయ్యాయి. కరెంటు పనివాడు సెలవు మీద ఉన్నాడు, కొలిమిలో ఇనుము కాగుతోంది. “ఈ పూటకి ఇలాగే లాగించేస్తాను” అన్నాడు తాత. కరెంటు పనివాడు తిరిగొచ్చేసరికి తాత చేతికి అదే అలవాటైపోయింది. “ఇప్పుడు మార్చావంటే నా చెయ్యి తప్పి ఎవణ్ణో చంపుతుంది, ముట్టుకోకు” అన్నాడు. ఎవరూ ముట్టుకోలేదు. పిచ్చుకకి నేర్పింది కూడా ఆ తిరగేసిన క్రేను మీదే. బరువు మరీ పైకి పోతే దానంతటదే ఆపే స్విచ్ కూడా దాంతో పనికిరాకుండా పోయింది. తాత ఒక స్తంభం మీద ఎర్రరంగు గీత గీసి, “కొక్కెం ఈ గీత దాటనివ్వకు” అని చెప్పి వెళ్ళాడు. ఇన్నేళ్ళూ అది దాటనివ్వలేదు.

అలా ఉండగా కొత్త రూలు వచ్చింది. క్రేను నడిపేవాళ్ళకి సర్టిఫికెట్ ఉండాలి. కాగితం మీద ఒక పరీక్ష, క్రేను మీద ఒక పరీక్ష. రెండూ గట్టెక్కితేనే పైకి. లేకపోతే క్యాబిన్‌కి తాళం. యజమాని మేస్త్రీతో కబురు చెప్పించాడు: పిచ్చుక పాసైతే సరే, తప్పితే సర్టిఫికెట్ ఉన్నవాణ్ణి బయటనుంచి తెచ్చుకుంటాం, పిచ్చుకకి ఇసుక దగ్గర పని ఎప్పుడూ ఉంటుంది.

ఆ మాట విన్న రోజు అది అన్నం సగంలో లేచిపోయింది. గిన్నెలు తోముతూ నావైపు తిరక్కుండానే అంది: “నేను మళ్ళీ జల్లెడ పట్టను అత్తయ్యా. అది తప్ప ఏదైనా చేస్తాను.”

అందరి భయమూ కాగితం పరీక్ష గురించే. దాని చదువు మధ్యలో ఆగింది. నాదైతే మొదలైనట్టు పలక్కే తెలీదు. అక్షరాన్ని అక్షరం చెయ్యి పట్టుకుని నడిపిస్తే గానీ మాట పూర్తవదు నాకు. అయినా పుస్తకం నేనే పట్టుకున్నాను. నా కొడుకు చదివి వినిపిస్తానన్నాడు గానీ వాడు రెండో ప్రశ్నకే ఆవులిస్తాడు. నేను ఆవులించను. తప్పు చెబితే ఊరుకోను కూడా.

“తా-డు-లో తీ-గ-లు తె-గి-తే ఏం చే-యా-లి?”

“బరువు దించేసి, క్రేను ఆపేసి, మేస్త్రీకి చెప్పాలి. కాస్త తొందరగా చదవండి అత్తయ్యా, మీరు ప్రశ్న పూర్తి చేసేలోపు తాడు మొత్తం తెగిపోతుంది.”

“తెగితే తెగనీ. జవాబు సరిగ్గా చెప్పు.”

సరిగ్గానే చెప్పింది. అన్నీ చెప్పింది. దాని బుర్ర అంత చురుకైనదని నేను ఇన్నేళ్ళూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ దాని ఎదుట ఒప్పుకోను. పుస్తకంలో ఒక పేజీలో లివరు బొమ్మ వచ్చింది.

“లి-వ-రు నీ-వై-పు లా-గి-తే బ-రు-వు ఎటు పో-తుం-ది?”

“పైకి” అంది వెంటనే.

పుస్తకంలోనూ అదే ఉంది. కానీ నేను పుస్తకంలోంచి తలెత్తేసరికి దాని కుడిచెయ్యి కనిపించింది. మోకాలి మీద పిడికిలి పట్టి ఉంది. “పైకి” అన్న నోటితోపాటే ఆ పిడికిలి అవతలికి తోసింది. నోరు పుస్తకం చెప్పింది, చెయ్యి ఫౌండ్రీ చెప్పింది. అది కూడా తన చెయ్యి చూసుకుంది. 

“కాగితం సంగతి సరే” అంది. “పరీక్ష క్రేను అందరి క్రేన్లలా ఉంటుంది కదూ.”

మర్నాడే మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను.

“ఏమయ్యా మేస్త్రీ, ఆ తీగలు సరిచేయించు. పిల్ల సరైన క్రేను మీద అలవాటు చేసుకోవాలి.”

మేస్త్రీ చెడ్డవాడు కాదు. చేతిలో కాగితాలు కింద పెట్టి నన్ను కొలిమి దగ్గరికి తీసుకెళ్ళాడు. నా కొడుకు లేడిల్ పక్కన నిలబడి ఉన్నాడు, మొహానికి అద్దం తొడుక్కుని.

“అక్కా, ఈ రోజు తీగలు మారుస్తాను. రేపు పొద్దున ఇనుము పోస్తాం. పైనున్న చెయ్యి ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, పాత అలవాటుకి పోయిందనుకో. కిందున్నది ఎవరో చూశావుగా. నీ కోడలి సీటు కోసం నీ కొడుకుని పందెం కాయమంటావా?”

 నాకు నోట మాట రాకపోవడం ఆ షెడ్డులో అదే మొదలని పక్కనున్నవాళ్ళు తర్వాత చెప్పుకున్నారట.

అందుకని ఇంటి వెనక వసారాలో క్రేను కట్టాం. దూలానికి కప్పీ, కప్పీ మీంచి తాడు, తాడు చివర నీళ్ళ బకెట్టు. ఇసుక నింపిన డబ్బాలో చీపురు కర్ర గుచ్చి అదే లివరన్నాం. పిచ్చుక కర్ర ముందు స్టూలేసుకుని కూర్చునేది. తాడు రెండో కొస గోడ పక్కన నా చేతిలో. కర్ర అది తనవైపు లాగితే నేను తాడు గుంజాలి, అవతలికి తోస్తే వదలాలి. మోటారుని నేనే.

“మోటారు ఆలస్యంగా లేస్తోంది అత్తయ్యా.”

“మోటారుకి మోకాళ్ళ నొప్పులు. నోరు మూసుకుని లాగు.”

మొదట్లో ప్రతిసారీ తప్పేది. ఎత్తమంటే తోసేది, బకెట్టు ధడేల్మని కిందపడి నీళ్ళన్నీ దాని కాళ్ళ మీదే. పోనుపోను కుదిరింది. పొద్దున్నా సాయంత్రం చేయగా చేయగా నేను “ఎత్తు” అనేలోపే చెయ్యి తనవైపు వచ్చేది. నా అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా సంతోషంగానే ఉన్నాం ఇద్దరం.

ఆ సంతోషం ఖరీదు ఫౌండ్రీలో తేలింది.

నేను క్యారేజీ తీసుకుని వెళ్ళి ఇసుక గుట్ట పక్కన నిలబడ్డాను. కొలిమి వంచి లేడిల్ నింపారు. నా కొడుకు చక్రం పట్టుకుని బొటనవేలు పైకి చూపించాడు, ఎత్తమని. లేడిల్ లేవలేదు. దిగింది. దాని అడుగు వెళ్ళి కొలిమి ముందున్న గుంట అంచుకి కొట్టుకుంది. అంచు మీంచి ఇనుము తొణికి నేలమీద పడి, నిప్పురవ్వలు మనిషంత ఎత్తున లేచాయి. నా కొడుకు వెనక్కి దూకాడు. వాడి ముందు, ఇంతకుముందు వాడి పాదాలున్న చోట, ఎర్రటి మడుగు.

ఎవరికీ ఏమీ కాలేదు. వాడి బూటు ముక్కు మాడింది, అంతే. పైనుంచి లేడిల్ మెల్లగా, చాలా మెల్లగా పైకి లేచింది. మిగతా పని అలాగే పూర్తి చేశారు.

ఇంటికొచ్చాక వాడు మాడిన బూటు గుమ్మం దగ్గర విప్పి పెట్టి అడిగాడు: “ఏమైంది పైన?”

అది బూటు వంకే చూస్తూ చెప్పింది. “నా చెయ్యి పరీక్ష రాసింది.”

వాడికి అర్థమైంది.  లోపలికెళ్ళి చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాడు.

పిచ్చుక వసారాలోకి వెళ్ళి బకెట్టు తాడు విప్పేసింది. “ఇక వద్దు అత్తయ్యా.”

“మరి సీటో?”

“పోతే పోనివ్వండి. జల్లెడ పడతాను.”

గిన్నెలు తోముతూ ఏ మాట అందో ఆ మాటే వెనక్కి తీసుకుంది, అదీ మొహం మామూలుగా పెట్టుకుని. నేను తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేదేమో, ఇల్లు ఇల్లులా ఉండేది. కొన్నాళ్ళు పుస్తకం అలమరలోనే ఉంది.

ఒక ఉదయం వసారాలో చప్పుడైతే వెళ్ళి చూశాను. తాడు మళ్ళీ కప్పీ మీద ఉంది. పిచ్చుక స్టూలు మీద కూర్చుని ఉంది. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని, దాని మీద బరువంతా వేసి కూర్చుంది. ఎడమచెయ్యి కర్ర మీద.

“కుడిచెయ్యి ఫౌండ్రీది” అంది. “దానికి కొత్తది నేర్పను. ఈ ఎడమచేతికి ఎత్తడం దించడం ఇదివరకు రాదు. దీనికి సరైనదే నేర్పుతాను. మోటారు లేస్తుందా?”

లేచింది. ఎడమచెయ్యి మొద్దుది, ఆలస్యంగా కదిలేది. కానీ తప్పలేదు. ఫౌండ్రీలో కుడిచెయ్యీ తప్పలేదు. నేను రోజూ వెళ్ళి ఇసుక గుట్ట పక్కన నిలబడి, లేడిల్ లేచే ప్రతిసారీ చూసేదాన్ని.

కాగితం పరీక్ష ఎవరూ అనుకోనంత బాగా రాసింది. మార్కులు తెలిసిన రోజు మేస్త్రీ మిఠాయి అడిగాడు. “ఇంకో పరీక్ష ఉందిగా, అప్పటిదాకా నోరు కట్టుకో” అన్నాను.

రెండో పరీక్ష ఊరవతల శిక్షణ కేంద్రం షెడ్డులో. నేనూ వెళ్ళాను. నన్ను ఇనుప తీగల జాలీ అవతల బల్ల మీద కూర్చోబెట్టారు. పరీక్ష పెట్టేది సన్నటి మనిషి, మెడలో ఈల. మాట పొదుపు. ఆయన్ని ఈలాయన అంటాను. ఒక సిమెంటు దిమ్మను ఎత్తి, కర్రల మధ్యనుంచి తీసుకెళ్ళాలి. కర్రల మీద ఖాళీ డబ్బాలు పెట్టారు, ఒక్కటి పడినా మార్కు పోతుంది. చివర సుద్దతో గీసిన గీత లోపల దించాలి. మధ్యలో ఎప్పుడైనా పొడుగ్గా ఈల వేస్తే దిమ్మను వెంటనే పైకెత్తాలి.

పిచ్చుక క్యాబిన్లో కూర్చోవడం చూశాను. కుడిచెయ్యి తొడ కిందికి వెళ్ళింది. ఎడమచెయ్యి ఒళ్ళోంచి అడ్డంగా కుడివైపు లివరుకి పోయింది. ఈలాయన కిందనుంచి అది చూసి కనుబొమలు ముడేసి, మొదలుపెట్టమని సైగ చేశాడు.

దిమ్మ లేచింది. మొదటి కర్ర దాటింది. ఒక్క చేత్తోనే ఎత్తడం, అదే చేత్తో ఎడమవైపు లివరు పట్టి క్రేను నడపడం, మళ్ళీ అదే చెయ్యి ఎత్తే లివరుకి. నత్త నడక. ఈలాయన గడియారం చూసుకుంటున్నాడు. రెండో కర్ర మీద డబ్బా ఊగింది గానీ పడలేదు. మిగతావి దాటింది. సుద్ద గీత మీదికొచ్చి దించుతోంది, దించుతోంది, దిమ్మ అడుగు నేలకి ఇంకా జానెడుంది.

పొడుగ్గా ఈల వేశాడు.

క్యాబిన్ అద్దంలోంచి చూశాను. తొడ కిందున్న కుడిచెయ్యి తాచులా బయటికొచ్చింది. ఎడమచేతి మీదినుంచి వెళ్ళి లివరు పట్టింది. దిమ్మ ఒక్క కుదుపుతో ఊగింది. పైకో కిందికో తెలిసేలోపే ఆగిపోయింది. పిచ్చుక రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసింది, లొంగిపోయినవాళ్ళలా. లివరు దానంతటదే మధ్యకొచ్చింది. దిమ్మ కదలకుండా వేలాడుతోంది. తర్వాత ఎడమచెయ్యి ఒక్కటే కిందికి దిగి, లివరు పట్టుకుని లాగింది. దిమ్మ పైకి లేచింది.

కిందికి దిగొచ్చాక ఈలాయన అడిగాడు. నేను జాలీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

“ఎత్తమంటే ఆపావు. ఎందుకమ్మా?”

“భయమేసింది సార్” అంటుందని నేను చూస్తున్నాను. ఆ ముక్క చాలు. కాస్త మార్కులు పోయినా పాసయ్యేది.

“నా కుడిచెయ్యి ఎటు పోతుందో నాకు తెలీదు సార్” అంది పిచ్చుక. “మా క్రేను తిరగేసి ఉంది.”

అంతా చెప్పింది. మోటారు, తాత, ఎర్ర గీత, నిప్పురవ్వలు. ఈలాయన మధ్యలో ఒక్కటే అడిగాడు: “పైన ఆపే స్విచ్ పనిచేస్తుందా?”

“చెయ్యదు సార్. మేమే ఆపుతాం.”

ఆయన కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. “నువ్వు ఇక్కడ పాసే. కానీ సర్టిఫికెట్ ఇవాళ ఇవ్వను. మీ ఫౌండ్రీకి వస్తాను. తీగలు సరిచేశాక ఆ క్రేను మీద రెండు చేతులతో నడిపి చూపించు. ఒక చెయ్యి లివరు మీద, ఒక చెయ్యి ఆపే బొత్తాం దగ్గర ఉండాలి. చెయ్యి మీద కూర్చుని క్రేను నడపడం నేను ఒప్పుకోను. అప్పటిదాకా అక్కడ ఎవరూ ఏదీ ఎత్తకూడదు.”

బస్సులో నేను ఆగలేకపోయాను. “నోరు మూసుకుంటే కాగితం చేతికొచ్చేది కదే.”

“వచ్చేదే.”

“మరెందుకు చెప్పి చచ్చావు?”

“ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఆ తీగలు సరిచేస్తారు అత్తయ్యా. నేను సెలవులో ఉన్నప్పుడు చేస్తారు, నాకు చెప్పడం మర్చిపోతారు. ఆ పొద్దున కింద ఉండేది మీ అబ్బాయే.”

కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఊరొచ్చేదాకా దానివైపు చూడలేదు.

ఫౌండ్రీలో క్రేనుకి తాళం పడింది. యజమాని అరిచాడట, మేస్త్రీ విన్నాడట, ఆ సంగతి మాదాకా రానివ్వలేదు మేస్త్రీ. ఈలాయన వచ్చిన రోజు కరెంటు పనివాడు పైకెక్కి రెండు తీగలు అటుదిటు మార్చి, టీ చల్లారేలోపు దిగొచ్చాడు. “ఇంత పనికి ఇన్నేళ్ళా” అని వాడే సిగ్గుపడ్డాడు. పైన ఆపే స్విచ్ టక్కుమని పనిచేసింది.

లేడిల్ నిండా ఇనుముకి బదులు ఇసుక నింపించాడు ఈలాయన. నా కొడుకుని దూరంగా నిలబెట్టాడు. పిచ్చుక పైకెక్కింది. కుడిచెయ్యి లివరు మీద, ఎడమచెయ్యి బొత్తాం దగ్గర.

ఎత్తమన్నాడు. దిగింది. ఆపింది, ఎత్తింది. మళ్ళీ ఎత్తమన్నాడు. సరిగ్గా లేచింది. మళ్ళీ. దిగింది. చెప్పి చేయిస్తే సగం సగం, ఈల వేస్తే ప్రతిసారీ తప్పే. ఇసుక లేడిల్ గుంట అంచుకి కొట్టుకున్నప్పుడల్లా షెడ్డులో వాళ్ళందరూ నేలమీద లేని నిప్పురవ్వల్ని చూసి అడుగు వెనక్కి వేస్తున్నారు. నా కొడుకు చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. పనివాళ్ళలో ఒకడు మెల్లగా జల్లెడలున్న మూల వైపు చూశాడు. నేను చూశానని చూసి తల తిప్పుకున్నాడు.

ఈలాయన గడియారం చూసుకున్నాడు. “ఇంకాసేపు చూద్దాం” అన్నాడు మేస్త్రీతో, ఇక లాభం లేదన్న గొంతుతో.

నేను నిచ్చెన మొదట్లో నిలబడి పైకి చూస్తున్నాను. అద్దం వెనక పిచ్చుక మొహం చెమటతో మెరుస్తోంది. పెదాలు గట్టిగా బిగించి ఉంది. ఆ బిగించిన నోరు చూసి నాకు కోపమొచ్చింది. దాని ఒంట్లో సరైన జవాబు తెలిసింది ఆ నోటికొక్కదానికే. దాన్నే మూసుకుని కూర్చుంది.

నా గొంతు సంగతి మా వీధిలో అడగండి. కొలిమి హోరు దానికి ఒక లెక్క కాదు.

“ఏమేవ్, లివరు నీవైపు లాగితే బరువు ఎటు పోతుంది?”

షెడ్డంతా నావైపు తిరిగింది. ఈలాయన ఈల నోట్లోనే ఉండిపోయింది. పైన పిచ్చుక కిందికి చూసింది.

“చెప్పవే. పుస్తకంలో చదివావుగా.”

“పైకి” అంది. గాజు అవతలినుంచి సన్నగా వినిపించింది. అంటూనే చెయ్యి లాగింది. లేడిల్ పైకి లేచింది.

“అవతలికి తోస్తే?”

“కిందికి.” దిగింది.

“లాగితే?”

“పైకి.”

“నాకు వినపడలేదు.”

“పైకి అత్తయ్యా.”

అలా అడుగుతూనే ఉన్నాను. నోరు ముందు, చెయ్యి వెనక. నోరు అన్నాక చేతికి వేరే దారి లేకపోయింది. కాసేపటికి ఈలాయన నన్ను ఆగమని సైగ చేశాడు. ఆగాను. పైన పెదాలు మాత్రం ఆగలేదు, తనంతట తనే అనుకుంటోంది. ఆయన ఉన్నట్టుండి ఈల వేశాడు. పెదాలు కదిలాయి, చెయ్యి వచ్చింది, లేడిల్ లేచింది. మళ్ళీ వేశాడు. అది వేరేవైపు చూస్తున్నప్పుడు వేశాడు. మేస్త్రీతో మాట్లాడుతున్నట్టు నటించి వేశాడు. లేచింది, లేచింది, లేచింది. భోజనాల వేళ దాటిపోయింది, ఎవరూ కదల్లేదు. చివరికి ఆయన ఈల జేబులో వేసుకున్నాడు.

“ఇనుము పోయండి” అన్నాడు మేస్త్రీతో. “నేను నిలబడి చూస్తాను.”

కొలిమి వంచారు. లేడిల్ నిండింది. నా కొడుకు మొహానికి అద్దం దించుకుని వెళ్ళి చక్రం పట్టుకున్నాడు. మాడిన బూటే తొడుక్కొచ్చాడు ఆ రోజు, వెధవ. నేను నిచ్చెన పట్టుకున్నాను. అడగాలని నోరు తెరిచాను, గొంతు రాలేదు. అరిచి అరిచి పూర్తిగా పోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు.

వాడు బొటనవేలు పైకి చూపించాడు.

పిచ్చుక నావైపు చూసింది. నేను పెదాలు కదిపాను, ప్రశ్న మొత్తం, అక్షరం అక్షరం. అది పూర్తయ్యేదాకా ఆగింది. ఎప్పుడూ ఆగనిది, ఆ రోజు ఆగింది. అప్పుడు దాని పెదాలు కదిలాయి.

ఇనుము నిండిన లేడిల్ నా కొడుకు నడుం దాటి, భుజం దాటి, తల దాటి, చుక్క తొణక్కుండా పైకి లేచింది. అచ్చుల దగ్గరికెళ్ళి దిగింది. వాడు చక్రం తిప్పాడు. ఎర్రటి దార అచ్చులోకి జారుతుంటే షెడ్డు కప్పు మీద ఆ వెలుగు కదలడం చూశాను. ఇసుకలో కూర్చుండిపోయాను.

ఈలాయన సర్టిఫికెట్ అక్కడే సంతకం పెట్టి ఇచ్చాడు. ఇస్తూ నావైపు చూసి, “ఈవిడ ప్రతిరోజూ వస్తారా?” అని అడిగాడు. నేను జవాబు చెబుదామంటే గొంతు లేదు. నా కొడుకు నా బదులు చెప్పాడు: “రాకుండా ఆపలేం సార్.”

ఇంట్లో కొన్నాళ్ళు నా గొంతు పలకలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని వాడన్నాడు. గొంతు తిరిగొచ్చిన రోజున ముందు వాడి సంగతే చూశాను.

పిచ్చుక ఇంకా ఆ క్యాబిన్లోనే ఉంది. తనిప్పుడు ఇంకొకామెకి నేర్పుతోంది, ఇసుక దగ్గర్నుంచి పైకి వచ్చిన పిల్లే. మొన్న క్యారేజీ తీసుకెళ్ళి పైకి చూశాను. లివరు ఆ పిల్ల చేతిలో ఉంది. లాగేముందు దాని పెదాలూ కదిలాయి. అలా చెయ్యాలని ఏ రూల్లో ఉందని మేస్త్రీ అడిగాడట. పుస్తకంలో ఉందని చెప్పిందట మా కోడలు. నేను చదివించిన పుస్తకంలో అది ఎక్కడా లేదు. నేను మాత్రం మేస్త్రీకి చెప్పలేదు.